వంతు ఊపిరి

మ్యూజిక్ స్కూల్ హాస్టలు, రెండో అంతస్తు
జూలై 3

మామయ్యకి,

ముందు నా తప్పు చెబుతాను, తరువాత శుభవార్త. ఈ వరుసలో చెబితే నీ కోపం రెండో పేజీ దాకా నిలవదని నా లెక్క.

నీ షాపులో రీడ్ల సొరుగు అడుగున, పాత దినపత్రికల కింద ఉన్న కాన్చెర్టో స్వరాల కాగితాలు నేనే తెచ్చుకున్నాను. అడిగితే ఇవ్వవని తెలుసు. నువ్వు ఎవరిదో క్లారినెట్‌కి ప్యాడ్లు మారుస్తూ మధ్యలో లేచి కళ్లజోడు వెతుక్కుంటున్నప్పుడు సంచిలో పెట్టేశాను. కళ్లజోడు నీ నుదుటి మీదే ఉంది. ఆ సంగతి కూడా అప్పుడు చెప్పలేదు, అది రెండో తప్పు.

శుభవార్త ఏమిటంటే, మార్చిలో జరిగే ఏడాది కచేరీలో స్కూలు ఆర్కెస్ట్రాతో ఒక్కరు ఆ కాన్చెర్టో వాయించాలి. వెనక నలభైమంది, ముందు ఒకే ఒక్క క్లారినెట్. నలుగురం పోటీలో ఉన్నాం. ఆ ఒక్కరూ నేనే కావాలని నాకెంత ఆశో నీకొక్కడికే చెప్పగలను. నీ క్యాసెట్ విని విని, నాకు అక్షరాలు రాకముందే ఆ రెండో భాగం వచ్చేసింది కదా. వయొలిన్లు మెల్లగా మెట్లు దిగుతున్నట్టు ఉంటాయి. తరువాత క్లారినెట్ వస్తుంది, నిద్రపోతున్న పిల్ల గదిలోకి ఎవరో చప్పుడు చేయకుండా వచ్చినట్టు. ఆ మొదటి స్వరానికి మాట వెతుకుతూ నిన్న ఒక పేజీ పాడుచేశాను. "మెత్తన" చాలదు. "గోరువెచ్చన" కొంచెం దగ్గర.

ఇక అసలు ప్రశ్న. ఆ రెండో భాగంలో కాగితం మీద మూడు వరుసల పొడుగున ఒకటే స్వరాల వాక్యం ఉంది కదా, ఎక్కడా తెగకూడనిది. పదకొండు కచేరీల్లో నువ్వు దాన్ని ఒక్క ఊపిరిలో వాయించావని ఇప్పటికీ ఇక్కడ మేడంలు చెప్పుకుంటారు. మరి నీ కాగితంలో ఆ వాక్యం లోపల పెన్సిల్‌తో నాలుగు ఊపిరి గుర్తులున్నాయేమిటి? అవి కూడా తప్పుడు చోట్ల. మాట మధ్యలో, అక్షరం మధ్యలో విరిచినట్టు. ప్రతి గుర్తు తరువాత రెండు స్వరాల చుట్టూ సున్నా. సున్నా చుడితే వాయించవద్దని అర్థమని నువ్వే నేర్పావు. నువ్వు పెట్టినవి కదా అని, గుర్తులూ సున్నాలూ ఒక్కటీ తప్పకుండా నా కాగితంలోకి ఎక్కించుకున్నాను. అలాగే సాధన చేస్తున్నాను.

ఏడో నంబరు సాధన గదిలో ప్రతిధ్వని చాలా బాగుంది. నేను ఊపిరి తీసుకున్నా పాట ఆగినట్టే ఉండదు.

ఉత్తరం ఇంటికి కాక షాపుకే రాస్తున్నాను, నువ్వన్నట్టే. ఫోనులోనూ సంగీతం ఎత్తడం లేదు. అమ్మకి నచ్చదని నువ్వంటావు. కానీ ఇదివరకు నువ్వు బాగుచేసిన క్లారినెట్ ఊది చూస్తుంటే, అమ్మ డ్యూటీకి వెళ్తూ వెళ్తూ షాపు గుమ్మం దగ్గర నిలబడిపోవడం నేను రెండుసార్లు చూశాను. సరే, నీ మాట.

నీ మేనకోడలు

*

వాద్యాల మరమ్మతు షాపు, స్టేషన్ ఎదురు వీధి
జూలై 11

దొంగ పిచ్చుకకి,

కళ్లజోడు సంగతి క్షమించాను. కాగితాల సంగతి క్షమించలేదు. ఈ ఉత్తరం అందిన రోజే వాటిని తిరుగు టపాలో పంపు.

పోటీలో ఉన్నావని తెలిసి ఇక్కడ ఒంటరిగా ఒక కప్పు టీ ఎక్కువ తాగాను. ఆ కాన్చెర్టో గురించి మాట్లాడమంటే నా వయసు ముప్ఫై ఏళ్లు తగ్గుతుంది, మోకాళ్లకి తప్ప. మొదటిసారి వాయించిన రోజు నాకు బాగా గుర్తు. హాల్లో తుఫాను ముందర ఉండేలాంటి ఉక్క. క్లారినెట్ చెక్క ఉబ్బి జాయింట్లు బిగుసుకుపోయాయి. కార్కుకి రాసే మైనం లేక, రెండో వరుస వయొలిన్ ఆయన తలకి రాసుకునే క్రీము ఇచ్చాడు. మొదటి భాగమంతా మల్లెల వాసన కొట్టింది. రెండో భాగానికి వచ్చేసరికి ఆ వాసన, ఆ ఉక్క, ముందు వరుసలో దగ్గుతున్న పెద్దాయన, ఏవీ లేవు. హాలు మొత్తం నా చెవిలోకి వంగి వింటున్నట్టు అనిపించింది. ఆ వాక్యం పూర్తయ్యాక చప్పట్లు కొట్టాలన్నది కూడా ఎవరికీ తోచలేదు. ఆ నిశ్శబ్దం కోసమే మనిషి ఇరవై ఏళ్లు సాధన చేసేది.

నువ్వడిగిన గుర్తులు నా చెడ్డ అలవాట్లు. కుర్రతనంలో పెట్టుకున్నవి. రబ్బరు తీసుకుని చెరిపెయ్యి. నీ ఊపిరితిత్తులు నీవి, నీకు తెగే చోట నువ్వే గుర్తు పెట్టుకో. ఊపిరి వినిపిస్తే నేరమేం కాదు.

అమ్మ బాగుంది. కాస్త జలుబు చేసినట్టుంది, అంతే. నిన్న నాలుగున్నర రైలు గురించి చెబుతూ మధ్యలో ఆగింది. నా బల్ల దగ్గర కూర్చుంటే స్టేషన్ మైకులో ఆమె చెప్పే ప్రతి మాటా వినిపిస్తుంది కదా. ఇన్నేళ్లలో అలా ఆగడం ఇదే మొదటిసారి, అందుకే రాశాను. పెద్ద విషయం కాదు.

కాగితాలు పంపడం మరిచిపోకు.

మామయ్య

*

హాస్టలు
ఆగస్టు 9

మామయ్యకి,

కాగితాలు పంపలేదు. తిట్టుకో, కానీ ముందు ఇది చదువు.

అది ప్రతిధ్వని కాదు.

ఏడో గదిలో చూశాను, మూడో గదిలో చూశాను, సామాన్లు పెట్టే గదిలో దుప్పట్ల కట్టల మధ్య నిలబడి చూశాను. అక్కడ చప్పట్లు కొడితే శబ్దం గోడ దాకా కూడా పోదు. నీ గుర్తు దగ్గర పెదవులు తీసేస్తాను. ఊపిరి పీలుస్తాను. నువ్వు సున్నా చుట్టిన రెండు స్వరాలు వినిపిస్తాయి. నేను మళ్లీ అందుకుంటాను. ఎక్కడా అతుకు తెలియదు. నా గుర్తులు పెట్టుకుని ఊపిరి తీసుకుంటే మాత్రం అక్కడ ఏమీ ఉండదు, ఉత్త ఖాళీ. నీ గుర్తుల దగ్గర మాత్రమే.

నా గదిలో ఉండే వయొలిన్ అమ్మాయికి ఏమీ చెప్పకుండా మా గది బయట నిలబడి వినమన్నాను. లోపలికి వచ్చి, "లోపల ఇద్దరున్నారుగా, రెండో ఆవిడని నాకు పరిచయం చెయ్యవా" అంది. ఆవిడ అని ఎందుకన్నావంటే, "ఏమో, అలా తోచింది" అని తన మంచం సర్దుకుంది. ఆ తరువాత ఆ అమ్మాయి నేను సాధన చేసే వేళకి క్యాంటీనుకి వెళ్లిపోతోంది.

ఫోనులో రికార్డు చేసి ఇరవైసార్లు విన్నాను. ఆ రెండు స్వరాలూ నావి కావు. నాకంటే కాస్త నీడగా ఉంటాయి, తడి ఇసుక మీద నడిచినట్టు. చెవి పెట్టి వింటే మీటల చప్పుడు కూడా ఉంది, నా వేళ్లు కదలని క్షణంలో. ఆఖరి గుర్తు దగ్గర ఆ స్వరం మొదలయ్యే ముందు ఎవరో ముక్కుతో సన్నగా గాలి పీల్చుకుంటారు. ఆ శబ్దం విన్నప్పుడు ఫోను మంచం మీద పడేశాను. కానీ మామయ్యా, పారిపోవాలనిపించలేదు. ఎవరో నా కోసం బరువు కాసేపు పట్టుకున్నట్టు ఉంటుంది.

మేడం నిన్న నా వెనక్కి వచ్చి నిలబడి విన్నారు. "ఎక్కడ తీసుకుంటున్నావు ఊపిరి" అన్నారు. గుర్తులు చూపించబోయాను, వద్దన్నారు. "చెప్పకు, నాకు తెలియకపోతేనే బాగుంది" అన్నారు. పోటీలో ఇప్పుడు ఇద్దరమే మిగిలాం.

నువ్వేనా? నవ్వకుండా జవాబు చెప్పు. నాలుగింటికి నువ్వు అక్కడ షాపులో వాయిస్తున్నావా?

నీ పిచ్చుక

*

షాపు నుంచి
ఆగస్టు 15

పిచ్చుకా,

నేను కాదు. ముందు పళ్లు రెండు పోయాక నేను ఊదగలిగేది పొయ్యి ఒక్కటే.

నువ్వు రోజూ ఏ వేళకి రెండో భాగం వాయిస్తావో, ఎన్నిసార్లు వాయిస్తావో, రాసి పంపు. గడిచిన నెల రోజులవీ కావాలి. నీకు సాధన పుస్తకం రాసే అలవాటు ఉంది కదా, చూసి రాయి. నిమిషాలతో సహా.

జవాబు వచ్చేదాకా ఆ రెండో భాగం వాయించకు. మొదటిదీ మూడోదీ వాయించుకో. కారణం అడగకు.

అమ్మ బాగానే ఉంది.

మామయ్య

*

హాస్టలు
ఆగస్టు 24

మామయ్యకి,

పట్టిక వేరే కాగితం మీద రాశాను. రోజూ నాలుగూ పది నుంచి అయిదు లోపు, ఆదివారాలు తప్ప. ఎక్కువగా మూడుసార్లు, జూలై ఇరవై ఎనిమిదిన ఏడుసార్లు. నువ్వు వద్దన్న ఉత్తరం అందిన దగ్గర నుంచి ఒక్కసారి కూడా లేదు. మేడం మొహం మాడ్చుకున్నారు. జ్వరమని అబద్ధం చెప్పాను. నా అబద్ధాలన్నీ నీ ఖాతాలోకే పోతున్నాయి.

"అమ్మ బాగానే ఉంది" అని రాశావు. బాగుంది అన్న మాట పక్కన ఆ "నే" ఎందుకు వచ్చిందా అని ఒక పూటంతా ఆలోచించాను. చివరికి ఇంటికి ఫోను చేశాను. సంగీతం ఊసెత్తలేదు. ఆరోగ్యం ఎలా ఉందమ్మా అన్నాను, అంతే.

అమ్మ నవ్వుతూ చెప్పింది. ఆఫీసు నుంచి మెమో వచ్చిందట. రైలు రెండో ప్లాట్‌ఫాం నుంచి ఆరుకి మారిందని చెబుతూ "ఆరో" అనకుండానే ఆగిపోయిందట. మైకు తెరిచే ఉంది, మాట లేదు. జనం సామాన్లతో అటూ ఇటూ పరుగెత్తారట. ఒక పెద్దాయన వచ్చి అద్దం మీద కొట్టి, "ఏమ్మా, సగం రైలే వచ్చిందా" అన్నాడట. ఇంకోసారి జరిగితే టికెట్ల కిటికీకి మారుస్తామన్నారట. డాక్టరు దగ్గరికి నువ్వే తీసుకెళ్లావట, ఊపిరితిత్తులు గాజులా శుభ్రంగా ఉన్నాయన్నారట. ఇందులో ఒక్క ముక్క కూడా నువ్వు నాకు రాయలేదు.

మెమోలో తేదీ ఏమిటని అడిగాను. జూలై ఇరవై ఎనిమిది అంది.

నేను నా పుస్తకం తెరిచి చూసుకున్నాను. అప్పటి నుంచి క్లారినెట్ పెట్టె మూత తీయలేదు. పెట్టె బల్ల కింద ఉంది. రాత పనికి బల్ల దగ్గర కూర్చుంటే కాళ్లు దానికి తగలకుండా పైకి ముడుచుకుంటున్నాను.

పోటీ వచ్చే నెల పన్నెండున. ఆ కాన్చెర్టో నాకు కావాలి, ఎంత కావాలో నీకు తెలుసు. కానీ నేను ఊపిరి తీసుకున్నప్పుడల్లా అక్కడ అమ్మకి ఏమవుతోందో చెప్పు. ఈసారి "బాగానే" వద్దు.

నీ మేనకోడలు

*

షాపు నుంచి
సెప్టెంబరు 1

అమ్మలూ,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపాను. నాలుగోసారి చింపడానికి కాగితం లేదు కాబట్టి రాస్తున్నాను.

ఆగస్టు పదమూడున షాపు మూసి, వాచీ పట్టుకుని వెళ్లి మీ అమ్మ గదికి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాను. అద్దంలోంచి ఆమె కనిపిస్తుంది. నాలుగూ పదహారుకి "ప్రయాణికులకు విజ్ఞప్తి" అని మొదలుపెట్టి ఆగింది. ప్లాట్‌ఫాం అంతటా మైకుల్లోంచి గాలి శబ్దం ఒక్కటే వచ్చింది, మెల్లగా, పట్టి వదిలినట్టు. జలుబు మనిషి ఊపిరి అలా ఉండదు. నేను దాన్ని ఎక్కడున్నా గుర్తుపడతాను. నిమిషం లోపే నాలుగుసార్లు. బల్ల మీద ఆమె ఎడమ చేతి వేళ్లు కదులుతున్నాయి. ఆ రెండు స్వరాలకి ఏ వేళ్లు కదలాలో అవే. నీ పట్టిక వచ్చాక నిమిషాలు సరిచూసుకున్నాను. తేడా లేదు.

మీ అమ్మ క్లారినెట్ వాయించేది. నీకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన మనిషిని నేను.

చిన్నప్పుడు మా ఇద్దరికీ ఒకటే క్లారినెట్ ఉండేది. ఒకరి నోట్లోంచి ఒకరం తీసుకుని ఊదేవాళ్లం. అందుకేనేమో, ఎవరు వాయిస్తున్నారో మా నాన్నకే తెలిసేది కాదు. పెద్దయ్యాక నేను ఆర్కెస్ట్రాలో మొదటి క్లారినెట్, మీ అమ్మ రెండోది. బృందంలో పొడుగు స్వరం వస్తే పక్కవాళ్లు వంతులేసుకుని ఊపిరి తీసుకుంటారు, ఒకరు ఆపినప్పుడు ఇంకొకరు పట్టుకుంటారు. వంతు ఊపిరి అంటాం. అది మా పనిలో మామూలు మర్యాద. ఒక్కడే ముందు నిలబడి వాయించే చోట మాత్రం అది దొంగతనం.

కాన్చెర్టోకి నెల ముందు నాకు న్యుమోనియా వచ్చింది. మానుకుంటానన్నాను. మీ అమ్మే అంది, "నాకు రెండో భాగంలో ఏమీ లేదన్నయ్యా, కాగితం నిండా విశ్రాంతి గుర్తులే. నీకు తెగిన చోట నేనుంటాను" అని. గుర్తులు ఇద్దరం కలిసి పెట్టాం. వాక్యం చివర పెడితే జనం కనిపెడతారని మధ్యలో పెట్టాం. సున్నా చుట్టినవి ఆమె స్వరాలు. వెనక వరుసలో, ముందున్న వాళ్ల భుజాల చాటున కూర్చుని ఆమె వాయించేది. ఆర్కెస్ట్రాని నడిపించే పెద్దాయనకి కూడా తెలియదు.

మర్నాడు పేపర్లో ఊపిరి అక్కర్లేని మనిషని నా గురించి రాశారు. నెల తిరిగేసరికి నా ఊపిరితిత్తులు బాగయ్యాయి. గుర్తులు మాత్రం అలాగే ఉంచాను. పది కచేరీలు. పదకొండోదానికి ముందు మీ అమ్మ ఒక్కటే అడిగింది. చివర నేను లేచి నమస్కారం పెట్టేటప్పుడు తనని కూడా లేవమని చెయ్యి చూపించమంది. సరేనన్నాను. చప్పట్లు మొదలయ్యాయి. నేను వెనక్కి తిరగలేదు.

ఆ వారమే ఆమె రైల్వేకి దరఖాస్తు పెట్టింది. క్లారినెట్ పెట్టె నాకిచ్చి, షాపులో ఉంచమంది. ఒక్క మాట అనలేదు. ఇరవై రెండేళ్లయింది. ఇప్పుడు రోజూ నా ఎదురుగానే అన్నం తింటోంది, ఒక్క మాట అనలేదు. మీ నాన్న పోయాక నా ఇంట్లోనే ఉండమని నేనే పట్టుబట్టాను. అప్పు తీరుతుందనుకున్నానేమో.

నీ ఊపిరి ఎక్కడ తెగితే అక్కడే తీసుకో. నా గుర్తుల జోలికి పోకు. పోటీలో ఓడితే ఓడు. మీ అమ్మకి ఇదంతా చెప్పకు, తట్టుకోలేదు. మనిద్దరి మధ్యే ఉండనీ.

మామయ్య

*

హాస్టలు
మార్చి 22

మామయ్యకి,

ఆరు నెలలుగా కార్డు ముక్కలు తప్ప ఉత్తరం రాయలేదు. నీ మీద కోపం కొంత, సాధన కొంత. ఏది ఎంతో చెప్పను.

కచేరీ నిన్న అయింది.

పోటీలో నేనే గెలిచానని కార్డులో రాశాను, ఎలాగో రాయలేదు. నాతో మిగిలిన అబ్బాయి ఆ వాక్యాన్ని మొండిగా ఒక్క ఊపిరిలో లాగబోయి, చివర పిల్లనగ్రోవిలో నీళ్లు పోసినట్టు తేలిపోయాడు. నేను అయిదుసార్లు ఊపిరి తీసుకున్నాను, అందరికీ వినిపించేలా. మేడం, "మొదట్లో వాయించినట్టు లేదు" అన్నారు. "ఇది నీ వయసు పిల్ల వాయించినట్టుంది. సరే" అన్నారు. ఆ "సరే" మీదే ఆరు నెలలు బతికాను.

నీ గుర్తులు చెరిపాను, నీ కాగితంలోనూ నా కాగితంలోనూ. పెన్సిలు గీత పోయింది, గాడి పోలేదు. దీపానికి అడ్డంగా పెడితే ఇంకా కనిపిస్తుంది. అందుకని రెండూ పక్కన పెట్టి కొత్తది కొన్నాను.

నిన్న హాలు నిండిపోయింది. వయొలిన్లు మెట్లు దిగాయి. నేను మొదలుపెట్టాను. నేను వెతుకుతున్న మాట దొరకలేదు కానీ ఆ స్వరం మాత్రం దొరికింది, మామయ్యా. మొదటి ఊపిరి నా చోట తీసుకున్నాను. ఏమీ జరగలేదు. తరువాత నీ మొదటి గుర్తు ఉండే చోటు వచ్చింది. అక్కడ నేను ఆగలేదు, వాయిస్తూనే పోయాను. అప్పుడు నా వెనక, కుడి భుజానికి కాస్త పక్కగా, ఎవరో ముక్కుతో సన్నగా గాలి పీల్చుకున్నారు. సిద్ధమైనట్టు. స్వరం మాత్రం రాలేదు. రానివ్వలేదు నేను. నాలుగు చోట్లా అంతే. పీల్చడం వినిపించింది, వదలడం వినిపించలేదు.

మధ్యలో ఏడవకూడదని పళ్లు బిగిస్తే రీడు పలకదు. అందుకని ఏడవలేదు.

చప్పట్లు బాగానే కొట్టారు. అమ్మ క్షేమంగా ఉండడమే నాకు కావలసింది. నిన్న సాయంత్రం ఆమె మాట ఎక్కడా ఆగలేదని ఒక్క ముక్క రాయి. అప్పుడు నిద్రపోతాను.

నీ పిచ్చుక

*

అనౌన్స్‌మెంట్ గది, ఒకటో ప్లాట్‌ఫాం
మార్చి 29

అమ్మాయికి,

మామయ్య పళ్లు కట్టించుకోవడానికి వెళ్లిన రోజు షాపు మూసి ఉంది. పోస్ట్‌మాన్ నీ ఉత్తరం తెచ్చి నాకిచ్చాడు. పైన నా పేరు లేదు. అయినా చదివాను. సాయంత్రం మీ మామయ్య ముందు పెట్టి మిగతావి కూడా ఇవ్వమన్నాను. ఇచ్చాడు. తన జవాబులకి కూడా నకళ్లు ఉంచుకున్నాడు, మరమ్మతు రసీదుల మనిషి కదా. తొమ్మిది నెలలుగా మీరిద్దరూ నా గురించి రాసుకున్నారు. ఒక్క కాగితం కూడా నాకు రాయలేదు.

నా ఆరోగ్యం గురించి నువ్వడిగిన దానికి నేనే జవాబు చెబుతాను.

జూలైలో మొదటిసారి జరిగినప్పుడు నేను నాలుగున్నర రైలు గురించి చెబుతున్నాను. ఉన్నట్టుండి నాలుక మీద రీడు రుచి వచ్చింది, తడిసిన వెదురు రుచి. ఇరవై రెండేళ్లయినా అది మరిచిపోయేది కాదు. ఛాతీలోంచి గాలి వెళ్లింది. తెగిపోలేదమ్మా, వెళ్లింది. ఎక్కడికి వెళ్తోందో, ఏ రెండు స్వరాలో కూడా నాకు తెలిసింది. ఆ పాట నీ చేతుల్లోనే ఉందని కూడా తెలిసింది. చిన్నప్పుడు నువ్వు స్వరం చివర కాస్త తొందరపడేదానివి, ఇప్పటికీ పడుతున్నావు.

మరి ఎందుకు చెప్పలేదంటావు. మీరు అడగలేదు. పైగా చెబితే ఆపేస్తారనుకున్నాను. అదే చేశారు.

మెమో వచ్చినా నేను భయపడలేదు. రోజూ నాలుగింటికి నడుం నిటారుగా పెట్టి కూర్చునేదాన్ని. ఆదివారాలు వెలితిగా ఉండేది. ఆగస్టులో ఆగిపోయింది. నీకు జ్వరమేమో అనుకున్నాను. తరువాత నువ్వు ఫోను చేసి ఆరోగ్యం అడిగావు, తేదీ అడిగావు, నీ గొంతు విన్నాక అర్థమైంది. ఇద్దరూ కలిసి నన్ను కాపాడుతున్నారని.

మీ మామయ్య వెనక్కి తిరగకపోవడం నాకు కష్టం కలిగించింది. అబద్ధం చెప్పను. కానీ అతను వాయించనిచ్చాడు. నువ్వు అది కూడా తీసేశావు, ప్రేమతో.

ఇరవై ఒకటిన సెలవు పెట్టాను. మంచి బట్టలు కట్టుకుని ముందు గదిలో కుర్చీలో వెన్ను ఆనించకుండా కూర్చున్నాను. నీ కచేరీ ఎన్నింటికో నాకు తెలుసు. మొదటి భాగం ఎంతసేపో, మధ్య విరామం ఎంతో తెలుసు. వయొలిన్లు దిగడం గోడ గడియారం చూసి లెక్కపెట్టాను. మీ మామయ్య వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నాడు, పళ్లెం చేతిలో పట్టుకుని. మొదటి చోటు వచ్చింది. ఊపిరి తీసుకున్నాను. ఇవ్వడానికి ఎవరూ లేరు. రెండో చోటు. మూడోది. నాలుగోది. నాలుగుసార్లూ తీసుకున్నాను. ఒక్కటీ వదలలేదు.

అది ఇంకా నా దగ్గరే ఉంది.

మర్నాడు డ్యూటీలో సాయంత్రం రైళ్ల పట్టిక మొత్తం, పద్నాలుగు రైళ్లు, రావడాలూ పోవడాలూ ఆలస్యాలూ అన్నీ ఎక్కడా ఆగకుండా చదివేశాను. చదివాక కానీ గమనించలేదు. మధ్యలో ఒక్కసారి కూడా గాలి పీల్చలేదు. ప్లాట్‌ఫాం మీద జనం మాట్లాడుకోవడం ఆపి మైకుల వైపు తలలెత్తి చూస్తున్నారు. ఒక చంటిపిల్ల ఏడుపు అందుకుంది. ఆ రోజు నుంచి ప్రతిరోజూ అంతే. రాత్రి పడుకున్నప్పుడు నా ఛాతీ కదలడం లేదని మీ మామయ్య దీపం పట్టుకుని వచ్చి చూశాడు. మెలకువగానే ఉన్నాను అన్నయ్యా, వెళ్లి పడుకో అన్నాను. నొప్పేమీ లేదు. నిండుగా ఉంది, అంతే.

నా క్లారినెట్‌కి ప్యాడ్లన్నీ మార్చమన్నాను. నాలుగు రోజులుగా తల ఎత్తకుండా అదే పని మీద ఉన్నాడు. స్ప్రింగులు కూడా మార్చాడు. నిన్న ఊది చూడమని ఇచ్చాడు, వద్దన్నాను. ఇది వంతు ఊపిరి, నా వంతు వస్తేనే వదలాలి. ఊరికే వదిలితే ఎటు పోతుందో నాకూ తెలియదు.

సెలవులకి ఏప్రిల్ ఇరవైన వస్తానన్నావు. ముందే రా. దీపానికి అడ్డంగా పెడితే కనిపిస్తాయన్నావు కదా, ఆ కాగితం తీసుకురా. షాపులో నువ్వు నిలబడి వాయించు. నేను నీ వెనక కాదు, పక్కన నిలబడతాను. వీధిలో పోయేవాళ్లు చూసేలా తలుపులు రెండూ తీసి ఉంచమని మీ మామయ్యకి చెప్పాను.

త్వరగా రా తల్లీ. ఎంతకాలమని పట్టుకుని ఉండను.

అమ్మ